గాజా, పాలీకార్బొనేటా? - ఐర్లండు అద్దాల ఇళ్ళ కథ

మన తెలుగువాళ్ళం ఏ దేశం వెళ్ళినా ముందు బియ్యం ఎక్కడ దొరుకుతాయో కనుక్కుంటాం, ఆ తరువాత కరివేపాకు. ఐర్లండులో ఇప్పుడు ఈ రెంటికీ లోటు లేదు. ఉద్యోగం కుదురుకుని, పిల్లలు బడిలో పడి, అప్పో సప్పో చేసి ఇల్లు కొనుక్కున్నాక మన మనసు పెరడు మీదికి పోతుంది. గోంగూర వేద్దామా, బీరపాదు పెడదామా అని. ఆగస్టు వచ్చినా జానెడు దాటని గోంగూరను చూసిన వాళ్ళు మన సంఘంలో చాలామందే ఉన్నారు. ఆ మాట ఏ వనభోజనాల్లో ఎత్తినా చివరికి తేలేది ఒకటే: గ్రీన్‌హౌస్ ఉండాలి. అది తేలగానే రెండో ప్రశ్న తయారు. గాజుదా, పాలీకార్బొనేట్‌దా?

మా ఇంట్లో ఈ ప్రశ్న మీద ఒక చలికాలమంతా చర్చ నడిచింది. మా ఆవిడ డాక్టరు. గాజే కావాలంది. నేను ఇంజనీరును. పాలీకార్బొనేట్ వైపు మొగ్గాను. ఇద్దరి వెనకా ఉన్న అసలు మనిషి మా మావగారు. తెనాలి దగ్గర పల్లెలో జీవితమంతా వ్యవసాయం చేసిన మనిషి. మా అత్తగారు పోయాక ఏటా మే మొదట్లో వచ్చి, వీసా ఇచ్చిన 90 రోజులూ ఉండి వెళుతున్నారు. మేమిద్దరం డ్యూటీలకు పోతే ఆయనకు మాట్లాడే మనిషి లేడు, చేతికి పని లేదు. "ఇక్కడ గడియారం నడవదు బాబూ" అంటారు. ఆయన ఉన్న మూడు నెలల్లోనే పాదు పెరగాలి, కాయ కాయాలి, ఆయన చేత్తో కొయ్యాలి. మాకు కావలసింది ఇంతే. దీనికోసం లెక్కలు వేస్తూ వేస్తూ నేను ఈ దేశపు అద్దాల ఇళ్ళ చరిత్రలోకి జారిపోయాను. తీరా చూస్తే మేము కొట్టుకుంటున్న విషయాలన్నీ, వెలుతురు, వేడి, గాలి, ఖర్చు, రెండువందల ఏళ్ళ కిందటే ఇక్కడి వాళ్ళు కొట్టుకున్నవే.

కథ గాలితో మొదలుపెట్టాలి. 1839 జనవరి 6 రాత్రి ఐర్లండు మీద విరుచుకుపడిన తుఫానును ఇప్పటికీ 'పెద్ద గాలి రాత్రి' అనే పిలుస్తారు. ఇళ్ళ కప్పులు ఎగిరిపోయాయి, వందల మంది పోయారు. మన దివిసీమలో 1977 ఉప్పెనను బట్టి వయసులు చెప్పుకున్నట్లు ఇక్కడి పల్లెజనం ఈ గాలిని బట్టి చెప్పుకునేవారు. 1909లో 70 ఏళ్ళు దాటిన వాళ్ళకు పింఛను మొదలైనప్పుడు చాలామందికి పుట్టినతేదీ కాగితం లేదు, ఎందుకంటే జననాల నమోదు ఇక్కడ 1864లో గాని రాలేదు. పెద్ద గాలి రాత్రి నాకు గుర్తుందని చెప్పడమే వయసుకు రుజువైంది. పాపం, ఎంతమంది యాభై ఏళ్ళ వాళ్ళకు ఆ రాత్రి గుర్తొచ్చిందో!

అలాంటి గాలి వీచిన 1839లోనే బెల్‌ఫాస్ట్ బొటానిక్ గార్డెన్స్‌లో పామ్ హౌస్‌కు పునాదిరాయి వేశారు. నక్షా చార్లెస్ లాన్యన్‌ది. ఇనుప పని చేసింది రిచర్డ్ టర్నర్. ఈయన డబ్లిన్ బాల్స్‌బ్రిడ్జిలో హామర్‌స్మిత్ వర్క్స్ అనే ఇనుప కార్ఖానా నడిపిన మనిషి. మామూలు రెయిలింగుల దగ్గర నుంచి రైల్వే స్టేషన్ కప్పుల దాకా చేశాడు. 1843లో మొదలై ఆ దశాబ్దంలోనే పూర్తయిన డబ్లిన్ గ్లాస్‌నెవిన్ తోటలోని వంపు గాజు ఇల్లు చాలావరకు ఈయన చేతిదే. (గ్లాస్‌నెవిన్ పేరులోని గ్లాస్ మన గాజు కాదండోయ్, ఐరిష్ భాషలో సెలయేరు అని అర్థం చెబుతారు.) 1844 నుంచి 1848 వరకు లండన్ క్యూ తోటలో డెసిమస్ బర్టన్‌తో కలిసి కట్టిన పామ్ హౌస్‌తో ఈయన పేరు లోకానికి తెలిసింది. 1851 లండన్ ఎగ్జిబిషన్ కోసం జరిగిన పోటీకి కూడా నక్షా పంపాడు. ప్రత్యేక ప్రశంస వచ్చింది గాని పని జోసెఫ్ పాక్స్‌టన్‌కు పోయింది. పాక్స్‌టన్ కట్టిన క్రిస్టల్ ప్యాలెస్‌కు దాదాపు 3 లక్షల గాజు పలకలు పట్టాయి. బెంగుళూరు లాల్‌బాగ్‌లో మనందరం ఫోటోలు దిగిన గాజు ఇల్లు దాని నమూనాను చూసి కట్టిందే.

గ్లాస్‌నెవిన్ వంపుల్ని చూసి అందం కోసం చేశారనుకుంటాం. అందం ఉంది, కాదనను. కాని దాని వెనక లెక్క ఒకటుంది. గాజు మీద ఎండ నిటారుగా పడితే ఎక్కువ భాగం లోపలికి పోతుంది, ఏటవాలుగా పడితే చాలాభాగం తిరిగి పైకి పోతుంది. సూర్యుడు పొద్దుటి నుంచి సాయంత్రానికి, జనవరి నుంచి జూన్‌కు ఎత్తు మార్చుకుంటూ ఉంటాడు. అందుకని కప్పు ఆకాశం లాగా గుండ్రంగా ఉంటే ఏ వేళకైనా ఎక్కడో ఒకచోట ఎండ నిటారుగా తగులుతుందని 1815లో సర్ జార్జి మెకెంజీ ప్రతిపాదించాడు. మరుసటి సంవత్సరం జాన్ క్లాడియస్ లౌడన్ వంచడానికి వీలైన సన్నని ఇనుప కమ్మీ కనిపెట్టాడు. కర్రకంటే సన్నం కాబట్టి నీడ తక్కువ. టర్నర్ చేతిలో ఈ రెండూ కలిశాయి. ఆ తరువాత ఎండ ఎక్కువైపోతుందన్న భయంతో క్యూలో పచ్చరంగు గాజు వేశారు కూడా! లండన్ పొగకు అది ఎలాగూ చాలని పని అయింది, శతాబ్దం చివరకు తీసేశారు.

ఈ కోణం సంగతి నాకు ఎందుకు పట్టుకుందో చెబుతాను. డిసెంబరు నెలాఖరున మిట్టమధ్యాహ్నం విజయవాడలో సూర్యుడు దిగంతం నుంచి 50 డిగ్రీల ఎత్తున ఉంటాడు. డబ్లిన్‌లో 13 డిగ్రీలే. పగలు అక్కడ 11 గంటలు, ఇక్కడ ఏడున్నర. అంటే చలికాలం ఎండ మన ఇంటికి కప్పు నుంచి రాదు, పక్కగోడ నుంచి వస్తుంది. ఈ వాక్యం గుర్తు పెట్టుకోండి, లెక్కలో పనికొస్తుంది.

ఇక ఖర్చు. 1746లో బ్రిటన్‌లో గాజు మీద ఎక్సైజు పన్ను వేశారు, బరువును బట్టి. ఐర్లండులో ఆ పన్ను లేదు, కాని ఇక్కడి గాజు బయటి దేశాలకు అమ్మరాదని అదే చట్టంలో కట్టడి చేశారు. ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో తీసుకోవడం అంటే ఇదే. 1780లో ఎగుమతికి అనుమతి వచ్చింది. 1783లో వాటర్‌ఫర్డ్‌లో పెన్‌రోజ్ సోదరులు ఇంగ్లండు పనివాళ్ళను తెచ్చి గాజు కార్ఖానా పెట్టారు. 1825లో పన్ను ఇక్కడికీ వచ్చింది, పరిశ్రమ నీరసించింది, 1851లో ఆ కార్ఖానా మూతపడింది. అసలు పన్ను 1845లోనే ఎత్తేశారు గాని అప్పటికే ఆలస్యమైంది. పన్ను పోయాక గాజు ధర దిగి, మధ్యతరగతి వాళ్ళ పెరళ్ళలోకి కూడా గాజు ఇళ్ళు వచ్చాయి. అంతకు ముందు అవి జమీందార్ల సరదాలే. చలిదేశంలో అనాసపండు పండించి విందులో పెట్టడం వాళ్ళకొక గొప్ప.

1845 అనగానే ఐర్లండు వాళ్ళకు గాజు పన్ను గుర్తు రాదు, కరువు గుర్తొస్తుంది. గ్లాస్‌నెవిన్ తోట క్యూరేటరు డేవిడ్ మూర్ ఆ సంవత్సరం ఆగస్టు 20న తోటలోని ఆలుగడ్డ ఆకుల మీద తెగులును గుర్తించాడు. ఇక్కడ దాన్ని మొదట గమనించిన వాళ్ళలో ఆయనొకడు. తరువాతి సంగతి మీకు తెలిసిందే: పది లక్షల మంది చచ్చిపోయారు, అంతకు మించిన జనం ఓడలెక్కి దేశాలు పట్టిపోయారు. ఒక పక్క వంపు గాజు ఇంటి పని, రెండో పక్క ఆలుగడ్డ చేను కుళ్ళు, రెండూ ఆ ఏళ్ళలోనే. కాటన్ దొర గోదావరి మీద ఆనకట్ట మొదలుపెట్టిన 1847 కూడా ఆ కాలానిదే. మా మావగారు ఈ మాట విని, "మనకు డొక్కల కరువు వచ్చి పోయాక కదా ఆ ఆనకట్ట" అన్నారు. 1833 నాటి ఆ కరువు కథలు కృష్ణా, గుంటూరు పల్లెల్లో తరతరాలుగా చెప్పుకున్నవే. గాజు ఇల్లు మాటల్లో ఆయనకు మొదటిసారి ఆసక్తి కలిగింది అక్కడే.

మళ్ళీ గాలి దగ్గరకు వద్దాం. 1883లో వచ్చిన తుఫానుకు గ్లాస్‌నెవిన్‌లోని పాత పామ్ హౌస్ దెబ్బతింది. దాని స్థానంలో 1884లో ఇప్పుడున్న గ్రేట్ పామ్ హౌస్ వచ్చింది. భాగాలన్నీ స్కాట్లండులోని పెయిస్లీలో తయారుచేసి, ఓడలో తెచ్చి బిగించారు. ఇప్పుడు మనం పెట్టెలో తెప్పించుకుని బోల్టులు బిగించుకునే గ్రీన్‌హౌస్‌కు అది తాతగారన్నమాట. 1948-49 చలికాలంలో తత్వవేత్త విట్‌గెన్‌స్టైన్ డబ్లిన్‌లో హోటలు గదిలో ఉంటూ, ఈ పామ్ హౌస్ మెట్ల మీద వెచ్చగా కూర్చుని రాసుకునేవాడట. ఆ మెట్టు దగ్గర పలక పెట్టారు. అంత పెద్ద తత్వవేత్తకూ ఇక్కడి చలిలో కావలసింది వెచ్చని మూలే కదా అనిపించింది నాకు. టర్నర్ వంపు ఇల్లు తుప్పు పట్టి శిథిలమైతే 1990లలో విప్పి, బాగుచేసి, తోటకు 200 ఏళ్ళు నిండిన 1995లో మళ్ళీ తెరిచారు. ప్రవేశం ఉచితం, పిల్లల్ని తీసుకెళ్ళండి.

జమీందార్ల చేతిలోంచి గాజు బీదవాళ్ళ చేతికి వచ్చిన ఘట్టం ఒకటి ఉంది. పుస్తకాల్లో దాని ఊసు తక్కువ. 1940ల చివర్లో ఐరిష్ ప్రభుత్వం పశ్చిమాన, ఐరిష్ మాట్లాడే కానెమారా, డోనెగల్ పల్లెల్లో టమాటా పండించుకోమని కుటుంబాలకు గాజు ఇళ్ళు కట్టించే పథకం పెట్టింది. వలసలు ఆపడం ఉద్దేశం. రాళ్ళ నేల, ఎదురుగా అట్లాంటిక్, నడుమ గాజు ఇల్లు! ఆ సముద్రపు గాలి సంగతి తెలిసిన వాళ్ళెవరికైనా అది ధైర్యమో సాహసమో అర్థమవుతుంది. టమాటాలు పండాయి, వలసలు మాత్రం ఆగలేదు.

ప్లాస్టిక్ ఇల్లు పుట్టింది కూడా లేమిలోంచే. అమెరికాలో కెంటకీ విశ్వవిద్యాలయం ప్రొఫెసరు ఎమర్ట్, గాజు కొనే స్తోమత లేక, 1948లో చెక్క చట్రం మీద సన్నని ప్లాస్టిక్ పొర పరిచి గ్రీన్‌హౌస్ చేశాడు. ఇప్పుడు హైదరాబాదు చుట్టుపక్కల క్యాప్సికం, జెర్బెరా పండిస్తున్న పాలీహౌసులన్నీ ఆ వంశానివే. పాలీకార్బొనేట్ దారి వేరు. 1953లో జర్మనీలో బేయర్ కంపెనీకి చెందిన హెర్మన్ ష్నెల్, అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్‌కు చెందిన డేనియల్ ఫాక్స్, ఒకరికొకరు తెలియకుండా దాన్ని తయారుచేశారు. ఫాక్స్ వెతికింది విద్యుత్ తీగల పైపూతకు. గాజుకడ్డీకి అంటుకుపోయి గట్టిపడిన ముద్దను సుత్తితో కొట్టినా పగలలేదట. చంద్రుడి మీదికి వెళ్ళిన వాళ్ళ హెల్మెట్లు, మన కళ్ళజోళ్ళు, పాత ఘంటసాల పాటలు విన్న సీడీలు, అన్నీ ఈ పదార్థమే. దాన్ని రెండు పొరలుగా, మధ్యలో గాలి గదులతో రేకుగా తీయడం వచ్చాక తోటల్లోకి ప్రవేశించింది.

ఇక లెక్కలు. ఎనిమిదడుగులకు ఆరడుగుల గ్రీన్‌హౌస్ తీసుకుందాం. గోడలు, కప్పు కలిపి దాదాపు 18 చదరపు మీటర్ల ఉపరితలం. ఒక్క పొర గాజు చదరపు మీటరుకు ఒక డిగ్రీ తేడాకు సుమారు 5.8 వాట్ల వేడిని బయటికి వదులుతుంది. 10 మిల్లీమీటర్ల రెండు పొరల పాలీకార్బొనేట్ రేకు సుమారు 3 వాట్లే. బయట సున్నా డిగ్రీలుండి లోపల 5 ఉంచాలంటే గాజు ఇంటికి 520 వాట్ల హీటరు కావాలి, రేకుల ఇంటికి 270 చాలు. పద్నాలుగు గంటల రాత్రికి ఏడు యూనిట్లు ఒక పక్క, నాలుగుకు లోపు రెండో పక్క. సందుల్లోంచి పోయే గాలి దీనికి అదనం. కరివేపాకు మొక్కకు 5 డిగ్రీలు చాలదు, 10 కావాలి. అంటే బిల్లు రెట్టింపు. దానికి శీతాకాలం వంటింటి కిటికీయే మేలు.

వెలుతురుకు వస్తే గాజు దాదాపు 90 శాతం లోపలికి పంపుతుంది, ఈ రేకు కొత్తలో 80 దాకా. ఏళ్ళు గడిచే కొద్దీ రేకు పసుపెక్కి ఇంకా తగ్గుతుంది. గాజు కడిగితే మళ్ళీ కొత్తదే. చలికాలంలో ఒక శాతం వెలుతురు పోతే ఒక శాతం పంట పోయినట్లేనని ఇక్కడి పెంపకందార్ల సామెత లాంటి లెక్క. రేకుకు ఒక సుగుణం ఉంది: వెలుతురును చెదరగొట్టి కింది ఆకులకు కూడా అందిస్తుంది, ఆకులు మాడవు.

బరువు చూడండి. 4 మిల్లీమీటర్ల గాజైతే మొత్తం 180 కిలోలు, 10 మిల్లీమీటర్ల రేకు 31 కిలోలు. తేలికైనది గాలికి ఎగిరిపోతుందని మా ఆవిడ వాదన. 2025 జనవరి 24న ఇయోవిన్ తుఫానులో గాల్వే తీరాన మేస్ హెడ్ దగ్గర గాలి గంటకు 180 కిలోమీటర్లు దాటింది. ఐర్లండు చరిత్రలో నమోదైన రికార్డు అది. మా వీధిలో ఒకరి రేకులు మూడిళ్ళ అవతల తేలాయి. దానితో ఆమె వాదనకు బలం వచ్చింది. కాని లెక్క వేరే చెబుతుంది. గంటకు 110 కిలోమీటర్ల గాలి చదరపు మీటరు మీద సుమారు 59 కిలోల ఒత్తిడి పెడుతుంది. 180 అయితే 160 కిలోలు. ఎందుకంటే వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగింతలు. అలాంటప్పుడు పలక బరువు చదరపు మీటరుకు రెండు కిలోలైనా పది కిలోలైనా గాలికి లెక్కే లేదు. పట్టి ఉంచేది పునాది, బిగింపు. చిన్న చిన్న స్ప్రింగు క్లిప్పులతో నిలబెట్టిన గాజూ పోతుంది, రేకూ పోతుంది. కాంక్రీటు పునాదికి చట్రాన్ని బోల్టులతో బిగించి, పలక అంచు పొడుగునా పట్టీ వేస్తే రెండూ నిలుస్తాయి.

పోయినప్పుడు మాత్రం తేడా ఉంది. మా ఆవిడ ఎమర్జెన్సీ వార్డులో పనిచేస్తుంది. తోటల్లో వాడే మామూలు 3 మిల్లీమీటర్ల గాజు కత్తుల్లా విరుగుతుంది. అలా తెగిన చేతులు ఎన్ని కుట్టిందో ఆమెకే తెలుసు. గాజు కావాలన్నది తనే, మామూలు గాజు వద్దన్నదీ తనే. టఫెన్డ్ గాజు పగిలితే శనగబేడల్లా రాలుతుంది. మాకు ఫుట్‌బాల్ ఆడే ఇద్దరు అబ్బాయిలు, పక్కింట్లో ముగ్గురు. మాటల్లేవు, ఖర్చైనా అదే.

చివరకు ఇద్దరం ఒక ఒప్పందానికి వచ్చాం. కప్పుకు 10 మిల్లీమీటర్ల పాలీకార్బొనేట్, గోడలకు టఫెన్డ్ గాజు. వేడి గాలి పైకి పోతుంది, రాత్రి ఆకాశానికి ఎదురుగా ఉండేది కప్పే, వేడి ఎక్కువ పోయేదీ అక్కడే. అక్కడ రెండు పొరలు ఉండాలి. శీతాకాలపు 13 డిగ్రీల ఎండ దక్షిణపు గోడ మీద దాదాపు నిటారుగా పడుతుంది, అక్కడ గాజు ఉండాలి. టర్నర్ ఇనుమును వంచి సాధించిన దాన్ని మేము రెండు పదార్థాలతో కొంతమేర సాధించామని నా సంతోషం. మా ఆవిడకు మెంతికూర, కొత్తిమీర చలికాలంలో కూడా కళ్ళకు కనబడాలి, కనబడతాయి. మావగారి బీరపాదుకు ఏప్రిల్ రాత్రుల చలి తగలకూడదు. ఏప్రిల్‌లో వెలుతురుకు కొదవ లేదు, పగలే 14 గంటలు. లోటల్లా రాత్రి వేడికే. మార్చిలో ఇంట్లో మొలకెత్తించి, ఏప్రిల్ నెలాఖరుకు లోపల నాటితే, ఆయన దిగేసరికి పాదు పందిరి అందుకుంటుంది, జూన్ చివరకు కాయ. జూలై నెలాఖరున ఆయన ప్రయాణం.

ఫోనులో ఆయనకు ఇదంతా వివరిస్తే, "అక్కడ ఎండ కోసం గాజు, ఇక్కడ ఎండ పడకుండా తాటాకు. మొత్తానికి కూలి మీకూ తప్పలేదు బాబూ" అన్నారు. ఆ తరువాత గంటసేపు పందిరి ఎంతెత్తు ఉండాలో చెప్పారు. అలా గంటసేపు ఆయన మాట్లాడింది చాలాకాలానికి.

కట్టించుకోబోయే వాళ్ళకు మూడు నాలుగు సంగతులు. రేకుకు ఒకవైపే అతినీలలోహిత కిరణాల నుంచి కాపాడే పూత ఉంటుంది. ఆ వైపు పైకి ఉండాలి. పై పొర కాగితం మీద రాసి ఉంటుంది, బిగించే ముందే చూసుకోండి. గదుల పై చివర అల్యూమినియం టేపు, కింది చివర గాలి ఆడే టేపు వేయాలి, లేకపోతే లోపల పాకుడు పట్టి పచ్చబడుతుంది. 40 డిగ్రీల తేడాకు రెండు మీటర్ల రేకు 5 మిల్లీమీటర్లు సాగుతుంది, గాజు ఒక మిల్లీమీటరు కూడా సాగదు. అందుకని రేకు చివర్లో ఖాళీ వదలాలి, ఎండెక్కినప్పుడు టకటకమంటే కంగారు పడకండి. అమోనియా కలిసిన అద్దాల క్లీనరు రేకుకు పనికిరాదు, గోరువెచ్చని సబ్బునీళ్ళు చాలు. ఇంటి వెనక ఇలాంటి షెడ్లన్నీ కలిపి 25 చదరపు మీటర్ల లోపయితే సాధారణంగా ప్లానింగ్ అనుమతి అక్కరలేదు. ఎత్తు, మిగలాల్సిన ఖాళీ స్థలం మీద షరతులున్నాయి, కౌన్సిల్‌ను ఒకమాట అడగండి. ఊరినుంచి వచ్చే పెద్దవాళ్ళను మాత్రం సామానులో గింజలు తెమ్మనకండి. ఐరోపా బయటి నుంచి విత్తనాలకు ఫైటోశానిటరీ సర్టిఫికెట్ ఉండాలి, విమానాశ్రయంలో వాళ్ళు ఇబ్బంది పడతారు. బీర, సొర విత్తనాలు ఐరోపాలోనే అమ్ముతున్నారు. ఉగాది పచ్చడి తిన్న వారంలోనే కిటికీ గట్టు మీద కుండీల్లో పెట్టేయండి.